ప్రాథమిక వైద్య విజ్ఞానం – పెబ్బేరు ప్రాంతం

రోగి చెప్పేది వినడం, ఒంటిని చూడడం, నాలుగైదు కొలతలు తప్పులేకుండా తీయడం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొదటి పది నిమిషాల్లో చేయవలసింది చేయడం, పంపవలసిన మనిషిని వేళకు పెద్దాసుపత్రికి పంపడం. ప్రాథమిక వైద్య విజ్ఞానం అంటే ముఖ్యంగా ఇంతే. ఏఎన్‌ఎం శిక్షణ అయినా, బీఎస్సీ నర్సింగ్ అయినా, ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు అయినా, ఎంబీబీఎస్ అయినా పునాది ఇదే. పాఠ్యపుస్తకాలు దేశమంతటా దాదాపు ఒకటే. వాటిని చదివిన విద్యార్థి నిలబడే వార్డు మాత్రం ఏదో ఒక ఊరిది, ఒక నేలది. ఆ నేల ఏ జబ్బులు తెస్తుందో, అక్కడి మనుషులు వాటిని ఏ మాటల్లో చెప్పుకుంటారో తెలిస్తేనే చదివింది చేతికి వస్తుంది. అందుకే ఈ వ్యాసం పెబ్బేరు చుట్టుపక్కల నేలను పట్టుకుని ఆ పునాదిని పరిచయం చేస్తుంది.

ప్రాంతం

పెబ్బేరు వనపర్తి జిల్లాలో, హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే దారి మీద, కృష్ణానదికి ఈవల ఉన్న పట్టణం. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. బీచుపల్లి దగ్గర నది దాటితే గద్వాల జిల్లా. ఇంకా ముందుకు పోయి తుంగభద్ర దాటితే కర్నూలు. జూరాల కాలువల కింద వరి, మెట్ట పొలాల్లో వేరుశనగ, పత్తి. గద్వాల వైపు విత్తన పత్తి. శనివారం వస్తే పశువులు, గొర్రెల సంత. రాత్రింబగళ్లు లారీలు ఆగని 44వ నంబరు జాతీయ రహదారి. వేసవిలో నిప్పులు చెరిగే ఎండ. ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో డ్యాములు కట్టడానికి, కాలువలు తవ్వడానికి తరతరాలుగా దేశమంతా తిరిగిన కూలీ కుటుంబాలు. ఇవన్నీ తెలిసినవాళ్లకు ఇక్కడి ఎమర్జెన్సీ వార్డుకు ఏ రాత్రి ఏం రావచ్చో సగం తెలిసినట్టే.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాలలన్నీ కొత్తవే. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో మొదలైంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలలు రెండూ 2022 నవంబరు 15న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. గద్వాలకు 2024లో వచ్చింది. అంతకు ముందు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాద్, లేదంటే నది దాటి కర్నూలు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్ కూడా ఉంది. కరువు జిల్లాగా పేరుపడ్డందుకు దక్కిన మొదటి స్థానం అది. దానికి దాదాపు రెండేళ్ల ముందు, 2005 ఆగస్టు 15న, 108 అంబులెన్సు సేవ హైదరాబాద్‌లో మొదలైంది. ఇప్పుడు ఈ రహదారి మీద అన్నిటికంటే ముందు గుర్తుకొచ్చే నంబరు అదే.

రోగి మాట

విద్యార్థి మొదట నేర్చుకోవలసింది స్టెతస్కోపు వాడకం అనుకుంటారు. నిజానికి ముందు నేర్చుకోవలసింది ఇక్కడి మాట. పుస్తకంలో ‘ఆయాసం’ అని ఉంటుంది. అవ్వ వచ్చి ‘దమ్ము వస్తుంది బిడ్డా’ అంటుంది. పుస్తకంలో ‘తల తిరగడం’ అని ఉన్నది ఇక్కడ ‘కండ్లు తిరుగుతున్నయ్’ అవుతుంది. ‘పానం బాగలేదు’ అన్న ఒక్క మాటలో జ్వరం ఉండవచ్చు, నీరసం ఉండవచ్చు, మనోవ్యాధి ఉండవచ్చు, గుండెపోటు కూడా ఉండవచ్చు. ‘పానం ఎట్ల బాగలేదు అవ్వా? ఎప్పటిసంది? నిన్న పొలానికి పోయినవా?’ అని నిదానంగా విప్పుకుంటూ పోవాలి.

‘గ్యాస్ పట్టింది’ అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. ఛాతీ నడుమ బిగబట్టినట్టు ఉండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పట్టిన మనిషి కూడా గ్యాసే అంటాడు. సోడా తాగి వచ్చానంటాడు. నలభై దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఈ మాటతో వస్తే ముందు ఈసీజీ తీయాలి, గ్యాస్ మందు సంగతి ఆ తరవాత. షుగర్ రోగికి, ముసలివాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఒట్టి ఆయాసం, వాంతి, నిస్సత్తువగానే కనిపించవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసిన మాట ‘మందు’. మన భాషలో మాత్ర మందే, సారా మందే, పొలానికి కొట్టేదీ మందే. రాత్రి పదకొండుకు ఒక కుర్రాణ్ని ఆటోలో తెచ్చి ‘మందు తాగిండు మేడం’ అంటారు. తాగిన మైకం అనుకుని పక్కన పడుకోబెడితే ప్రాణం పోతుంది. ‘ఏ మందు? డబ్బా తెచ్చిర్రా?’ అని అడగాలి. తేలేదంటే ఒకరిని వెనక్కి పంపి డబ్బా తెప్పించాలి, కనీసం ఫోన్‌లో లేబుల్ ఫొటో తెప్పించాలి. ఆ ఒక్క ప్రశ్నతో దారి మారిపోతుంది. ఎలా మారుతుందో పురుగుమందుల దగ్గర చెప్పుకుందాం.

వలస సంగతి కూడా చరిత్రలో భాగమే. ‘ఏం పని చేస్తారు’ అని అడిగితే ఇప్పటి పనే చెబుతారు. ‘ఇంతకు ముందు ఎక్కడెక్కడ పోయి పనిచేసి వచ్చిర్రు?’ అని అడిగితే రాతి క్రషర్, సొరంగం పని, ఇటుకల బట్టీ బయటపడతాయి. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు సిలికోసిస్ వస్తుంది, సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ తొందరగా అంటుకుంటుంది. వలస పోయిన ఇంట్లో పిల్లల టీకా కార్డులో ఖాళీలు ఉంటాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. డబ్బాలో ఉమ్మి పోసి ఇస్తే పరీక్ష వృథా. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి పైకి తెచ్చిన తెమడ కావాలని రోగికి చేసి చూపించాలి. మందులు మొదలుపెట్టేటప్పుడు మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పాలి. అది రిఫాంపిసిన్ రంగు. చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మందు మానేస్తారు.

కొలతలు

ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు. వీటిని ప్రాణ సంకేతాలు అంటారు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు వచ్చాక ఐదో కొలత చేరింది.

మనిషి ఒంటి వేడి సగటున 98.6 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 37 డిగ్రీల సెల్సియస్ అన్న లెక్కను జర్మన్ వైద్యుడు వుండర్లిచ్ 1868లో ప్రచారంలోకి తెచ్చాడు. 100.4 దాటితే జ్వరం. చంకలో పెట్టి చూస్తే నోటిలో కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. చంక చెమటగా ఉంటే ఇంకా తక్కువ చూపిస్తుంది, కాబట్టి తుడిచి పెట్టాలి. చెయ్యి పెట్టి ‘ఒళ్లు కాలుతోంది’ అనుకోవడం తల్లికి చాలు, నర్సుకు చాలదు. నాడి పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100, అప్పుడే పుట్టిన బిడ్డకు 120 నుంచి 160.

శ్వాస దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఏ పరికరమూ అక్కర్లేని, ఖర్చు లేని ఈ కొలతనే అందరూ దొంగలెక్క రాస్తారు. ఏ ఆసుపత్రిలోనైనా కేస్ షీట్లు తిరగేస్తే శ్వాస గడిలో వరసగా 18, 20, 18, 20 కనిపిస్తాయి. నిజానికి ఒంట్లో ఏదో చెడిపోతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో శ్వాస వేగం ఒకటి. రక్తపోటు పడిపోకముందే శ్వాస పెరుగుతుంది. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి 22 దాటిందంటే డాక్టరును పిలవాలి. పెద్దవాళ్లకు ‘ఊపిరి లెక్కపెడుతున్నా’ అని చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూడడం అయ్యాక కూడా మణికట్టు వదలకుండా, చూపు ఛాతీ మీదికి మార్చి లెక్కపెట్టుకోవాలి.

పసిబిడ్డ దగ్గర పద్ధతి వేరు. సబ్‌సెంటర్‌లో తల్లి ఒడిలో ఎనిమిది నెలల పాప ఉందనుకోండి. జలుబు, దగ్గు, రెండు రోజుల జ్వరం. ముందు పాప ఊరుకోవాలి. ఏడుస్తుంటే, పాలు తాగుతుంటే లెక్క పనికిరాదు. గౌను పొట్ట పైదాకా జరపమని తల్లికి చెప్పాలి. కూర్చుని, కళ్లు పొట్ట ఎత్తుకు సమంగా ఉంచి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెడుతూ పూర్తిగా 60 సెకన్లు చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే పిల్లల్లో తప్పు వస్తుంది, ఎందుకంటే పసివాళ్ల ఊపిరి ఒకసారి ఆగి ఒకసారి పరుగెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలు ఇవి: రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా వేగంగా పీలుస్తున్నట్టే, న్యుమోనియా అనుమానించాలి. పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతుంటే ఇంకా ప్రమాదం. దానికి మన తల్లుల దగ్గర ఏ పాఠ్యపుస్తకంలోనూ లేనంత చక్కని మాట ఉంది: ‘డొక్కలెగరేస్తున్నడు’. ఆ మాట వినపడిందంటే గడియారం తీసి చూడాలి. తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, పిలిచినా కళ్లు తెరవకపోవడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్క కోసం ఆగకుండా పంపాలి.

రక్తపోటు కొలిచే చేతిపట్టీని ఇటలీలో రీవా-రోచీ 1896లో ప్రవేశపెట్టాడు. స్టెతస్కోపుతో చప్పుళ్లు వినే పద్ధతిని రష్యన్ వైద్యుడు కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. నూరేళ్లు దాటినా పద్ధతి అదే, తప్పులూ అవే. బస్సు దిగి నడిచి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడతారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కొలిచేటప్పుడు మాట్లాడించకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తుంది. 140/90 దాటడం వేరువేరు రోజుల్లో కనిపిస్తే అధిక రక్తపోటు. గర్భిణికి ఐదో నెల దాటాక 140/90 ఉండి తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు ఉంటే అది ఫిట్స్‌కు ముందరి మెట్టు కావచ్చు, ఇంటికి పంపకూడదు. దేశంలో బీపీ రోగులను పేరుపేరునా వెంటబడి మందు వాడించే కార్యక్రమం 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో తెలంగాణ ఒకటి. ఏ గుర్తూ లేని జబ్బుకు రోజూ మాత్ర వేసుకోమంటే ఎవరికైనా కష్టమే. తలనొప్పి తగ్గింది కదా అని మానేసినవాళ్లనే పక్షవాతంతో తెస్తారు.

ఆక్సిజన్ మీటరు 95 నుంచి 100 చూపిస్తే మామూలు, 90 కంటే తగ్గితే ఆపద. గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా తప్పు చూపిస్తుంది. దానికి ఒక పెద్ద పరిమితి కూడా ఉంది. ఉన్న హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో అది చెబుతుంది, హీమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఆరు గ్రాముల రక్తంతో పాలిపోయి, నాలుగడుగులకే దమ్ము పట్టే గర్భిణికి కూడా మీటరు 98 చూపిస్తుంది. తెరమీద అంకె చూసి ఊరుకోక, కింది కనురెప్ప లాగి చూడాలి.

రక్తం

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. అంటే పెబ్బేరు అంగన్‌వాడీలో పది మంది పిల్లలు కూర్చుంటే ఏడుగురికి రక్తం తక్కువ ఉండవచ్చు. హీమోగ్లోబిన్ గర్భిణికి 11 గ్రాములు, మిగతా ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత. గర్భిణికి 7 కంటే తగ్గితే తీవ్రం, ఆసుపత్రిలో చేర్చవలసిందే. కాన్పులో పోయే కొద్ది రక్తాన్ని కూడా ఆమె ఒళ్లు తట్టుకోలేదు.

ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరవాత మరో 180 రోజులు వేసుకోవాలి. టీతో, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసంతో పడుతుంది. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పాలి.

ఆ మాత్రలోని రెండో మందు వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ అనే పేగుల జబ్బుకు సోదరులను పోగొట్టుకున్నాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అది వాళ్లిద్దరి పేరుతోనే ల్యాబ్ పుస్తకాల్లో నిలిచింది. తరవాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. 1948లో, 53 ఏళ్లకే పోయాడు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ పేరు తెలిసి ఉండాలని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతాడు.

ఈ నేల తెచ్చే ఆపదలు

*పాము.* 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భారం ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. నాగుపాము, కట్లపాము కాటు నరాల మీద పనిచేస్తుంది, రక్తపింజర, చిన్న పింజర కాటు రక్తం మీద. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన రైతుకు కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే, ఏ పామూ చూడలేదన్నా కట్లపామునే అనుమానించాలి.

కాటు పడ్డ మనిషిని నడిపించకూడదు. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. కాలిని కర్రకు కట్టి కదలకుండా ఉంచి ఆసుపత్రికి తేవాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం వేయించడం అన్నీ కాలాన్ని తినేస్తాయి. బిగించి కట్టి తెచ్చినవాళ్లకు ఆ కట్టు ఒక్కసారిగా విప్పకూడదు. విరుగుడు, శ్వాస పరికరాలు సిద్ధం చేసుకున్నాకే విప్పాలి.

ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయగల పరీక్ష ఒకటుంది. శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదిలించకుండా స్టాండులో నిలబెట్టాలి. గడియారం చూసి సరిగ్గా 20 నిమిషాల తరవాత ఒక్కసారి వంచాలి. గడ్డకట్టి ఉంటే అప్పటికి సరే, మళ్లీ చేస్తూ ఉండాలి. నీళ్లలా జారిందంటే పింజర విషం రక్తంలో పనిచేస్తోందన్న మాట. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగిన గొట్టమూ పనికిరాదు. మధ్యలో ఎవరో ఎత్తి చూసి పెడితే మళ్లీ మొదటికి రావాలి. ఆ ఇరవై నిమిషాలు గొట్టం దగ్గర ఎవరినీ రానివ్వకుండా కాపు కాయడం విద్యార్థి పని. విషం ఎక్కిన గుర్తులుంటే సాధారణంగా పది సీసాల విరుగుడుతో మొదలుపెడతారు. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం ఎక్కించదు. విరుగుడు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కనుక తీవ్రమైన అలర్జీ రావచ్చు. అడ్రినలిన్‌ను సిరంజిలోకి లాగి పక్కన పెట్టుకున్నాకే విరుగుడు ఎక్కించాలి.

*పురుగుమందు.* మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల సందేశాలను ఆపే ఎంజైమును అడ్డుకుంటాయి. నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. నోట్లో చొంగ, కళ్లలో నీరు, ఒళ్లంతా చెమట, తెలియకుండా మలమూత్రాలు, ఊపిరితిత్తుల నిండా గుల్లగుల్లమనే నీరు. వాసన గదినిండా వెల్లుల్లిలా ఉంటుంది. రోగి బట్టలు తీసేసి ఒళ్లు సబ్బునీటితో కడగాలి. కడిగేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, బట్టలను సంచిలో కట్టేయాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విరుగుడు అట్రోపిన్. ప్రతి ఐదు నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ, ఛాతీలో గుల్లగుల్ల పోయేదాకా ఇస్తారు. ఆ గుల్లగుల్ల పోయిందా లేదా అని స్టెతస్కోపుతో వింటూ కూర్చునేది రాత్రి డ్యూటీ నర్సే.

డబ్బా మీద పారాక్వాట్ అని ఉంటే అంతా తలకిందులు. అది గడ్డిమందు. దానికి విరుగుడు లేదు. రోగి మొదటి రోజు బాగానే మాట్లాడతాడు, ఊపిరితిత్తులు రోజుల తరబడి కాలిపోతాయి. అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ‘డబ్బా తెచ్చిర్రా’ అని అడగమన్నది ఇందుకే. ఈ రోగుల్లో చాలామంది అప్పు మీద, అవమానం మీద తాగినవాళ్లు. స్పృహ వచ్చాక వార్డులో వాళ్లు మొదట వినేది తిట్లు కాకూడదు.

*ఎండ.* ఉపాధి హామీ పనిలో, ఇటుకల బట్టీల దగ్గర ఎండదెబ్బ తగిలినవాళ్లకు వేడి 104 దాటి, మాట తడబడి, పొంతన లేకుండా మాట్లాడితే అది ప్రాణాపాయం. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, చంకల్లో గజ్జల్లో ఐస్ పెట్టి, అంబులెన్సులోనూ అదే చేస్తూ తీసుకెళ్లాలి. స్పృహ లేని మనిషి నోట్లో చెంచా నీళ్లు కూడా పోయకూడదు.

*రహదారి.* ప్రమాదంలో దెబ్బ తగిలితే, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టడం రక్తస్రావానికి మొదటి వైద్యం. మెడ తిప్పకూడదు. గుండె ఆగితే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. సాయం చేసినవాళ్లను పోలీసులు వేధిస్తారన్న భయంతో ఆగిపోతున్న జనానికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇచ్చింది. ఇది ఊళ్లో చెప్పవలసింది కూడా విద్యార్థులే.

*సంత.* శనివారం సంతలో గొర్రెలు, మేకలు, ఎద్దులు చేతులు మారినట్టే జబ్బులూ మారుతాయి. గొర్రెల కాపరి నెలల తరబడి సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, నడుము నొప్పి అంటే, టైఫాయిడ్ మందులు ఒకటికి రెండుసార్లు వాడి తగ్గలేదంటే బ్రూసెల్లోసిస్ అనుమానించాలి. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండక పడిపోయిన, గొర్రె పిల్లను చేతులతో తీశాడా, పచ్చిపాలు తాగాడా అని అడగాలి. చేతి మీద నొప్పి లేని నల్లటి పుండు, దాని చుట్టూ వాపు ఉండి, అంతకు ముందు చచ్చిన పశువును కోశారంటే ఆంత్రాక్స్. మనిషికి వైద్యంతో పాటు పశువైద్యశాఖకు కబురు వెళ్లాలి. కుక్కకాటుకు గాయాన్ని ధారగా నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగడం సగం వైద్యం. పసుపు, కారం పెట్టకూడదు. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. రక్తం వచ్చిన గాటుకు టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి.

చేతులు, సూదులు, టీకా పెట్టె

వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లో వైద్య విద్యార్థులను కాన్పు వార్డుకు పోయే ముందు చేతులు కడుక్కోమన్నాడు. బాలింత మరణాలు తగ్గిపోయాయి. తోటి వైద్యులు ఒప్పుకోలేదు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలన్న నియమం అందరికీ తెలుసు, పాటించే చోటు వెతుక్కోవాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. పొడుచుకున్నవాళ్లలో చాలామంది ఆ క్షణంలోనే పొడుచుకుంటారు. వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం వెయ్యిలో మూడు, హెపటైటిస్ బీ అయితే టీకా లేనివాళ్లకు నూటికి ముప్పై దాకా. విద్యార్థి మొదటి రోజు వార్డుకు పోకముందే హెపటైటిస్ బీ టీకా వేయించుకోవాలి. సూది గుచ్చుకుంటే సిగ్గుపడి దాచకూడదు. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. సూదులు తెల్ల డబ్బాలోకి, రక్తం తడిసిన దూది పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు ఎరుపులోకి, గాజు సీసాలు నీలంలోకి పోవాలి.

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి చెడిపోతాయని అందరికీ తెలుసు, గడ్డకడితే పెంటావాలెంట్, హెపటైటిస్ బీ టీకాలు కూడా చెడిపోతాయని చాలామందికి గుర్తుండదు. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను నేరుగా క్యారియర్‌లో పెట్టకూడదు. బయట పెట్టి, పైన చెమట పట్టాక చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడితే అప్పుడు పెట్టెలోకి. తెల్లవారుజామున సబ్‌సెంటర్ వరండాలో ఏఎన్‌ఎం ఐస్‌ప్యాక్‌ను చెవికి ఆనించుకుని నిలబడిందంటే ఆ రోజు తండాలో వేసే టీకాలకు ప్రాణం ఉన్నట్టే.

తెలుగులో

మొదటి ఏడాది విద్యార్థిని ఎక్కువగా బాధపెట్టేది భాషే. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చి ఇంగ్లిషు పుస్తకం ముందు కూర్చుంటుంది. డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెలుగులోకి తెచ్చింది. బొమ్మలతో, మాటలతో ఇంత తేటగా ఉన్న వైద్య పుస్తకాలు మనకు చాలా తక్కువ. ఇంగ్లిషులో చదివింది తెలుగులో ఒక అవ్వకు చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకోవడం మంచి అభ్యాసం. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలపాలని చెప్పాక ‘ఎట్ల కలుపుతవు చెప్పు అవ్వా’ అంటే, గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తానంటుంది. లీటరు కొలత ఆమె ఇంట్లో ఏ గిన్నెతో అవుతుందో అప్పుడు తెలుస్తుంది. ఓఆర్ఎస్‌తో పాటు పిల్లలకు జింకు మాత్ర 14 రోజులు అన్నది కూడా అప్పుడే చెప్పాలి.

పంపడం

మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక సబ్‌సెంటర్, 30 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది జాతీయ ప్రమాణం. వీటి పైన ఏరియా ఆసుపత్రి, బోధనాసుపత్రి. ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగాలన్నదే ఇక్కడ ప్రాణాలను నిలిపేది. రోగిని పంపే ముందు పై ఆసుపత్రికి ఫోన్ చేసి వెంటిలేటరు, విరుగుడు, రక్తం ఉన్నాయా అని అడగాలి. దారిలో ఊపిరి ఆగితే బ్యాగ్ నొక్కగలిగినవాళ్లు వెంట వెళ్లాలి. పాముకాటుకు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి పంపితే, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు.

చీటీ మీద రోగి పేరు, వయసుతో పాటు కాటు పడ్డ టైము, ఇక్కడికి చేరిన టైము, రక్తం గడ్డ పరీక్ష పెట్టిన టైము, తీసిన టైము, ఫలితం, ఎక్కించిన సీసాల లెక్క, అట్రోపిన్ మోతాదులు, బయల్దేరేటప్పటి నాడి, శ్వాస, బీపీ, ఆక్సిజన్ రాయాలి. వాపు ఎక్కడిదాకా వచ్చిందో కాలి మీదే పెన్నుతో గీత గీసి, ఆ గీత పక్కన గంట వేయాలి. అరగంటకొక గీత. అంబులెన్సు వనపర్తి చేరేసరికి కాలి మీద రెండు మూడు గీతలు ఉంటాయి. అక్కడి డ్యూటీ డాక్టరు వాటిని చూసే, ఇంకెన్ని సీసాలు కావాలో స్టోరుకు కబురు పెడతాడు.